తేనె పడినా ప్రొపొలిస్ పడకపోవచ్చు

యాంగోన్‌లో ఏ మాల్‌కి వెళ్లినా కొరియా క్రీములే. వాటిలో ప్రొపొలిస్ సీరమ్‌లు, లిప్ బామ్‌లు కూడా ఉంటాయి. మీరున్న ఊళ్లోనూ ఉండే ఉంటాయి. తేనెటీగల నుంచి వచ్చింది కదా, మంచిదేగా అని కొనేస్తాం. చాలామందికి ఏమీ కాదు. కొందరికి మాత్రం అస్సలు పడదు.

ప్రొపొలిస్ తేనె కాదు. చెట్ల మొగ్గల మీద, బెరడు మీద ఊరే జిగురును తేనెటీగలు తెచ్చి, మైనంతో కలిపి తమ గూటి సందులు పూడ్చుకుంటాయి. అందులోని కెఫీక్ ఆమ్లపు ఎస్టర్లు కొందరి చర్మానికి గిట్టవు. తేనెమైనంలోనూ ఈ జిగురు కొద్దిగా మిగిలి ఉండొచ్చు. అందుకే తేనె చెంచాలతో తాగినా ఏమీ కానివాళ్లకి లిప్ బామ్‌తో పెదవులు మండొచ్చు. తేనెటీగ కుడితే వచ్చే అలర్జీ వేరు, అది విషం వల్ల వచ్చేది.

చిక్కేమిటంటే, ఇది రాసిన వెంటనే బయటపడదు. నెలల తరబడి బాగానే ఉండి తర్వాత మొదలవ్వచ్చు. మొదలయ్యాక కూడా రాసిన ఒకటి రెండు రోజులకు గానీ దురద, పొట్టు కనిపించవు. దాంతో అనుమానం వేరేవాటి మీదకి పోతుంది. మా పై అంతస్తు వదినగారు ఏసీకి పెదవులు పగులుతున్నాయని బామ్ రాసేవారు. పగిలినకొద్దీ ఇంకా రాసేవారు. మూతి చుట్టూ నల్లబడి, నలుగురిలో చెంగు అడ్డం పెట్టుకుని మాట్లాడేదాకా వచ్చింది. సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు ప్యాచ్ టెస్ట్‌లో ప్రొపొలిస్ అని తేలింది. "మందనుకుని రాసుకున్నదే జబ్బటమ్మా!" అన్నారు. బామ్ మానేసి, డాక్టరు ఇచ్చిన పూత వాడాక పెదవులు కుదుటపడ్డాయి. నలుపు పోవడానికి మాత్రం నెలలు పట్టింది.

ప్యాచ్ టెస్ట్ అంటే సూదులేం ఉండవు. అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద పట్టీలతో అంటిస్తారు. 48 గంటలకు తీసి చూసి, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు.

మన అమ్మమ్మలు నుదుట మైనం రాసి దానిమీద కుంకుమ దిద్దుకునేవారు కదా, వాళ్లకేం కాలేదే అనొచ్చు. పదిమందికి పడిందని పదకొండో మనిషికి పడాలని లేదు. చాకలి గుర్తులు పెట్టే నల్లజీడి కూడా చెట్టు నుంచి వచ్చేదే, అది తగిలితే ఒళ్లు ఎలా పొక్కుతుందో తెలుసుగా!

కొనేముందు డబ్బా వెనక చదవండి. సెరా ఆల్బా, సెరా ఫ్లావా అని ఉంటే తేనెమైనమే. పెరూ బాల్సమ్ పడనివాళ్లకి ప్రొపొలిస్ కూడా పడకపోవచ్చు. పడనివాళ్లు సువాసన లేని పెట్రోలియం జెల్లీ గానీ, కాండెలిల్లా, కార్నౌబా లాంటి మొక్కల మైనంతో చేసిన బామ్ గానీ చూసుకోవచ్చు. ఏది కొత్తగా కొన్నా మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూశాకే ముఖానికి వాడండి. టూత్‌పేస్టుల్లో, గొంతు స్ప్రేల్లో కూడా ప్రొపొలిస్ ఉంటుంది, గమనించండి.

ఆస్తమా ఉన్నవాళ్లు రాయల్ జెల్లీ జోలికి పోకపోవడమే మంచిది. ఏది వాడాకైనా పెదవులు వాచి, ఊపిరి అందకపోతే మాత్రం చిట్కాలతో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.