పాసివ్ వాయిస్ పాఠంలో మన తెలుగు



ఇంగ్లీషు తరగతిలో పాసివ్ వాయిస్ పాఠం వచ్చినప్పుడల్లా మన పిల్లల తెలుగుకు నష్టం జరుగుతున్నది. "రామా కిల్డ్ రావణా" అన్న వాక్యాన్ని "రావణా వాజ్ కిల్డ్ బై రామా" అని మార్పించి, "రావణుడు రాముని చేత చంపబడెను" అని అర్థం చెప్పి ముందుకు సాగిపోతాము. వ్యాకరణరీత్యా అది తప్పు కాదు. చట్టాలలోను, ప్రకటనలలోను "బడు"కు చోటున్నది. కాని ఏ ఇంట్లోనైనా "అన్నం అమ్మ చేత వండబడింది" అంటారా? మీరే చెప్పండి.

ఇంగ్లీషులో ఈ వాక్యాన్ని కట్టే పద్ధతి తేలికైనదే. "బి" క్రియారూపం కాలాన్ని తెలుపుతుంది. దాని పక్కన అసలు క్రియ మూడవ రూపం చేరుతుంది. "ఈజ్ బిల్ట్", "వాజ్ బిల్ట్", "ఈజ్ బీయింగ్ బిల్ట్", "విల్ బి బిల్ట్". కర్మ లేని "స్లీప్", "అరైవ్" వంటి క్రియలకు ఈ రూపం లేదు. ఇంతవరకు అందరమూ బాగానే చెబుతున్నాము. అది ఎప్పుడు, ఎందుకు వాడాలో మాత్రం చెప్పడం లేదు.

చేసినవారెవరో తెలియనప్పుడు, చెప్పనవసరం లేనప్పుడు ఇంగ్లీషువారు దానిని వాడతారు. "హీరాకుడ్ డ్యామ్ వాజ్ ఓపెన్డ్ ఇన్ 1957" అన్న వాక్యంలో "బై" లేదు. తెలుగులో "హీరాకుడ్ ఆనకట్టను 1957లో ప్రారంభించారు" అంటాము. కర్తను చెప్పకుండా "ఆరు"తో ముగించే మన వాక్యం అదే పని చేస్తున్నది. "ఫీజ్ మస్ట్ బి పెయిడ్" అంటే "రుసుము చెల్లించాలి". ఇక్కడ "చెల్లించబడాలి" ఎందుకు?

చేసినవారిని నొక్కి చెప్పవలసినప్పుడు "బై" వస్తుంది. "దిస్ లెటర్ వాజ్ రిటెన్ బై మై సిస్టర్" అన్నదానికి "ఈ ఉత్తరం రాసింది మా అక్క" అన్నది చక్కని తెలుగు. "చేత" అక్కరలేదు, "బడు" అక్కరలేదు. పదాల వరుస మారితే చాలు.

ఒక్కొక్కచోట తెలుగే ఇంగ్లీషు అర్థాన్ని విడదీసి చూపుతుంది. "ద డోర్ వాజ్ క్లోజ్డ్" అన్న వాక్యానికి "తలుపు మూశారు" అనీ, "తలుపు మూసి ఉంది" అనీ రెండు అర్థాలున్నాయి. "మూయబడింది" అని ఒక్కమాటతో సరిపెడితే ఈ తేడా పిల్లలకు ఎన్నటికీ తెలియదు.

మన ప్రాంతాలలో మరొక చిక్కు ఉన్నది. తమిళ పాఠ్యపుస్తకంలో "కట్టప్పట్టదు", కన్నడ పుస్తకంలో "కట్టలాయితు" చదివిన పిల్లవాడు తెలుగులోనూ అటువంటిదే ఉండాలని అనుకుంటాడు. "కట్టబడింది" అని మనం చెప్పగానే అదే అసలైన తెలుగు అని నమ్ముతాడు. ఇంట్లో అవ్వ చెప్పే "ఈ గుడి ఎప్పుడో కట్టారు" అన్న మాట అతనికి నాటుగా తోస్తుంది. అసలు ప్రమాదం అదే. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని బడులలో దశలవారీగా తప్పనిసరి చేసిన తరువాత తెలుగు చదువుకు చోటు ఇరుకైంది. ఇంటి మాటే మనకు మిగిలిన పెద్ద ఆస్తి. దానిని ఇంగ్లీషు పాఠం పేరుతో మనమే చిన్నబుచ్చుకోవడం తగదు.

కనుక నా మనవి ఇది. పాసివ్ వాక్యం చెప్పగానే "ఈ మాటను మీ ఇంట్లో ఎలా అంటారు?" అని పిల్లలను అడగండి. వారు చెప్పిన వాక్యాన్నే బల్ల మీద రాయండి. చేసినవారిని ఎందుకు చెప్పలేదో, లేక ఎందుకు నొక్కి చెప్పారో ఆలోచింపజేయండి. రూపం మార్చే అభ్యాసం ఆ తరువాతనే. పరీక్షలో "బడు" అడిగితే అది పరీక్ష కోసమేనని చెప్పండి. తల్లిదండ్రులు కూడా పిల్లల నోటుపుస్తకంలో ఇటువంటి తెలుగు కనిపిస్తే దానిని చదివించి, మన ఇంటి మాటలో మళ్ళీ చెప్పించండి. ఇంగ్లీషూ బాగా వస్తుంది, తెలుగూ నిలుస్తుంది.