స్వాతంత్ర్యం వచ్చింది సరే, ఎవరికి వచ్చింది?



అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో మనకు బాగా గుర్తుండేది బోస్టన్ టీ పార్టీ. 1773 డిసెంబరు 16 రాత్రి ఓడలెక్కి 342 టీ పెట్టెలను నీళ్ళలో పారబోశారు. ఆ టీ మన దేశాన్ని దోచిన ఈస్టిండియా కంపెనీదే! చదివితే ఎవరికైనా హుషారొస్తుంది. కానీ ఒకటి చూడండి. పారబోసినవాళ్ళలో కొందరు మోహాక్ తెగ ఆదివాసుల వేషం వేసుకుని వెళ్ళారు. వేషానికి ఆదివాసి కావలసి వచ్చాడు. స్వాతంత్ర్యంలో వాటాకు మాత్రం అక్కరలేకపోయాడు.

పోరాటం న్యాయమైనదే, నేను కాదనడం లేదు. సముద్రం అవతల ఎక్కడో రాజు, తమ మనిషి ఒక్కడు కూడా లేని పార్లమెంటు కూర్చుని పన్నులు వేస్తే ఎవరు ఊరుకుంటారు? 13 వలసలు ఒక్కటయ్యాయి. ఫ్రాన్సు సైన్యాన్నీ ఓడలనూ పంపింది. 1781లో యార్క్‌టౌన్‌లో కారన్‌వాలీస్ సేన లొంగిపోయింది. (ఒంట్లో బాగాలేదని చెప్పి ఆయన రాలేదు, కింది అధికారిని పంపాడు. ఆ కారన్‌వాలీసే 1786లో గవర్నర్ జనరల్‌గా మన నెత్తిన కూర్చున్నాడు.)

అయితే పన్నులొక్కటే కారణం కాదు. అపలాచియన్ కొండలు దాటి ఎవరూ కాపురం పెట్టగూడదు, అది ఆదివాసుల భూమి అని 1763లో రాజు మూడో జార్జి ప్రకటన చేశాడు. ప్రేమతో కాదులెండి, మళ్ళీ యుద్ధమొస్తే ఖర్చని. వలసవాళ్ళకు అది కూడా మండింది. ఆ భూముల మీద కన్నేసినవాళ్ళలో సాక్షాత్తూ జార్జి వాషింగ్టన్ కూడా ఉన్నాడు!

1776 జూలై 4 ప్రకటనలో మనుషులంతా సమానమని రాశారు. అదే కాగితంలో కిందికొస్తే ఆదివాసులను జాలిలేని అనాగరికులని తిట్టారు. 1783 పారిస్ సంధిలో మిసిసిపీ నది దాకా భూమి కొత్త దేశానికి రాసిచ్చారు. అక్కడ బతుకుతున్న తెగలను ఎవరూ పిలవలేదు, అడగలేదు. ఒనైడా తెగవాళ్ళు అమెరికా పక్షాన ప్రాణాలొడ్డి పోరాడారు, తర్వాత వాళ్ళ భూములూ పోయాయి. నల్లవాళ్ళ బానిసత్వం దేశమంతటా రద్దయ్యింది 1865లో. ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం వచ్చింది 1924లో. అంటే 1776 నుంచి 148 ఏళ్ళు!

మనం ఆదివాసుల పిల్లలం. ఈ లెక్క మనం చూడకపోతే ఇంకెవరు చూస్తారు? పరీక్షలో ఈ పోరాట ఫలితాలు రాయమంటే నేను 1783 దగ్గర ఆపను, 1924 దాకా రాస్తాను. దానికి మార్కులు వేస్తారో లేదో సార్లే చెప్పాలి.

– 10వ తరగతి విద్యార్థి