ఉర్దూకి హోదా వచ్చింది.. మరి కౌంటర్ దగ్గర చదివేదెవరు?

కర్నూలు: ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ 2022 మార్చిలో శాసనసభ బిల్లు ఆమోదించింది. అంతకుముందు ఈ హోదా కొన్ని జిల్లాలకే ఉండేది. సంతోషమే. కానీ హోదా వేరు, అమలు వేరు.

పింఛను కోసం ఓ పెద్దాయన ఉర్దూలో అర్జీ రాసుకుని వెళ్తే, అక్కడ దాన్ని చదివే మనిషి ఉండాలి. చదివేవాళ్లు లేకపోతే "తెలుగులో రాయించుకుని రా" అనే మాటే వస్తుంది. అంటే అసలు విషయం అనువాదకుల పోస్టులు, వాటికి బడ్జెట్.

కర్నూలుకు ఈ విషయంలో లోటు లేదు. డాక్టర్ అబ్దుల్ హక్ 1947లో ఇక్కడ ఉస్మానియా కాలేజీ పెట్టారు. ఆయన పేరుతోనే 2016లో ఉర్దూ యూనివర్సిటీ వచ్చింది. చదువు చెప్పే చోటు ఉంది, చదివిన పిల్లలూ ఉన్నారు. వాళ్లకు కొలువు చూపించేదే తక్కువ.

లెక్క సింపుల్. ఉద్యోగం కనపడకపోతే అమ్మీ అబ్బా పిల్లల్ని ఉర్దూ మీడియంలో వేయరు. కర్నూలు, కడప ఇళ్లలో దక్కనీ మాట్లాడుతూనే, లిపి రాక తెలుగులో సంతకం పెట్టే యువత ఇప్పటికే ఉంది. మరో తరం పోతే ఉర్దూలో అర్జీ రాసేవాళ్లే మిగలరు. అప్పుడు "ఎవరూ అడగట్లేదు కదా" అని పోస్టులు పక్కన పెట్టడం మరీ తేలిక.

అందుకే ముందు కలెక్టరేట్‌కు ఒక్క అనువాదకుడైనా కావాలి. మనవాళ్లు కూడా ఉర్దూలో అర్జీ ఇచ్చి రసీదు అడగాలి. అడిగినట్టు కాగితం మీద ఉంటేనే అవసరం లెక్కలోకి వస్తుంది.