గాడులు లేని తుపాకి

విజయదశమినాడు ఆయుధములను, పనిముట్లను తోమి, కడిగి, పసుపుకుంకుమలతో పూజించుట మన ఆచారము. నిత్యము వాడుకొను వస్తువునకు ఆ మెఱుగు శోభయే. కాని నూఱేండ్లు దాటిన ఆయుధమును సైతము అట్లే తోమి మెఱయించుటయే జీర్ణోద్ధరణమని తలచువారు పెక్కురు కలరు. అది పొరపాటని నా నమ్మకము. ఒక తుపాకి కథ చెప్పిన నా మాట బోధపడగలదు.

ఎన్‌ఫీల్డు తుపాకి పేరు వినని చరిత్ర విద్యార్థి యుండడు. లండనునకు ఉత్తరముననున్న ఎన్‌ఫీల్డు కర్మాగారమును బట్టి దానికా పేరు వచ్చినది. బ్రిటిషు సైన్యము 1853లో దానిని స్వీకరించినది. తుపాకి పొడవు 55 అంగుళములు. గొట్టము 39 అంగుళములు. గొట్టపు రంధ్రము 0.577 అంగుళము. గొట్టము లోపల మెలితిరిగిన మూడు గాడులుండును. వాని వెంట గుండు గిరగిర తిరుగుచు వెలువడుటచే, నున్నని గొట్టము గల ప్రాత తుపాకులకంటె ఎంతో దూరము గురి తప్పక పోవును. మందును గుండును చుట్టిన కాగితపు తూటాకు కొవ్వు పూసెడివారు. సిపాయి ఆ కాగితమును పండ్లతో కొఱికి, మందును గొట్టపు మూతినుండి పోయవలెను. ఆ కొవ్వు ఆవుదనియు, పందిదనియు 1857లో శంక పుట్టినది. తిరుగుబాటునకు కారణములు పెక్కు; నిప్పురవ్వ మాత్రము ఆ తూటాయే.

మన పాఠము సాధారణముగా ఇచ్చట ఆగిపోవును. తుపాకి కథ ఆగలేదు. తిరుగుబాటు అణగిన పిమ్మట భారతీయ సిపాయిలకై పాలకులు 1858లో ఒక క్రొత్త మాదిరిని ఏర్పఱచిరి. చూపునకు అది ఎన్‌ఫీల్డే. కాని లోపలి గాడులను తొలిచివేసి, రంధ్రమును సుమారు 0.65 అంగుళమునకు వెడల్పు చేసిరి. దూరమును బట్టి సరిచేసికొను గురిపలకను తీసివేసి, కదలని చిన్న గురిని అమర్చిరి. ఆంగ్ల సిపాయి చేతికి గాడుల తుపాకి. భారత సిపాయి చేతికి నున్నని తుపాకి! పాలకుల అపనమ్మకమునకు ఇంతకంటె స్పష్టమైన శాసనము వేఱొకటి కావలెనా?

అట్టి తుపాకి యొకటి ఏ ప్రాతసామానుల గదిలోనో దొరకినదనుకొందము. బాగుచేయువాడు గొట్టములోనికి చూచును. గాడులు కానరావు. అరిగిపోయినవని తలచి, లోపల వేఱొక గొట్టమును దిగవేసి గాడులు కోయించును. ఇనుమును ఉప్పుకాగితముతో రుద్ది వెండివలె తెల్లబఱచును. కొయ్యను చిత్రికపట్టి వార్నీషు పూయును. ఇనుపపలకపైనున్న కిరీటపు ముద్రయు, సంవత్సరమును, భుజమునకు ఆనించు కొసన ఇత్తడిపై చెక్కిన పటాలపు గుర్తులును మాసిపోవును. మిగులునది అందమైన అబద్ధము.

నిజమైన జీర్ణోద్ధరణము వేఱు. మొదట గొట్టములో మందు మిగిలియున్నదేమో పుల్లతో లోతు కొలిచి చూడవలెను. ఎన్ని యేండ్లు గడచినను అది ప్రాణాంతకమే. ఎఱ్ఱత్రుప్పు ఇనుమును తినివేయును గనుక దానిని నూనెలో నానబెట్టి మెల్లగా తొలగింపవలెను. నలుపు తిరిగిన గోధుమవన్నె పొరను ముట్టరాదు. అది కాలమిచ్చిన కవచము. కొయ్యకు సన్నని మైనపుపూత చాలును. చేసిన ప్రతిపనిని వ్రాసియుంచవలెను. రేపు అవసరమైనచో తీసివేయుటకు వీలగు పనినే చేయవలెను.

మెఱుగు లేనిచో పిల్లలు కన్నెత్తి చూడరని కొందఱందురు. మెఱుగు కన్నుల నాకర్షించుట నిజమే. కాని దానిని చూచిన బాలుడు "ఎంత బాగున్నది!" అని ముందునకు సాగిపోవును. నున్నని గొట్టమును చూపి "దీనికి గాడులేల లేవు?" అని అడిగిన ఉపాధ్యాయుడు ఆ ఒక్క ప్రశ్నతో ఒక యుగమును విప్పి చూపగలడు.

విద్యార్థులారా! మీ యింట తాతలనాటి కత్తియో, కంచమో దొరకినచో చింతపండు చేతబట్టుటకు ముందు దానిపై నున్న గీతలను, సొట్టలను ఒక్కమాఱు పరికింపుడు. త్రుప్పును ఎప్పుడైనను వదలింపవచ్చును. చెరిగిన వ్రాతను మరల తేజాలము.