దద్దురు కనిపిస్తుంది, దురద కనిపించదు

“చర్మవ్యాధికి భాషతో పనేముంది, చూస్తే తెలియదా?” అని జపానులోని మనవారు కొందరు సెలవిస్తుంటారు. అంగీకరించలేను. దద్దుర్లు కంటికి కనిపిస్తాయి. అవి ఎన్నాళ్ళనుంచి ఉన్నాయో, రాత్రివేళ పెరుగుతాయో, మనకు ఏ మందు పడదో కనిపించదు. వీధిచివరి ‘హిఫుకా’లో, అంటే చర్మవైద్యశాలలో, ముందుగా చేతికిచ్చే కాగితం అడిగేది ఇటువంటివే.

అనువాద యంత్రం చాలదా అంటారా? దురదను వారు ‘కయుయి’ అంటారు. చురచురలాడితే ‘హిరిహిరి’, సూదులు గుచ్చినట్లుంటే ‘చికుచికు’. చురచుర, చిమచిమ వంటి జంటమాటల మధ్య పుట్టి పెరిగిన తెలుగువారికి ఇవి పరాయివా? అన్నిటినీ ‘నొప్పి’ అనే ఒక్క ముద్దగా చేసి యంత్రానికి అప్పగిస్తే వైద్యుడికి చేరేది సగం రోగమే.

వ్యాకరణం తరువాత. ముందు ఈ మూడు మాటలూ నేర్వండి. పడని మందు పేరు జపనీసులో రాయించి జేబులో ఉంచుకోండి. మన ఒంటి బాధకు మాట ఇవ్వవలసింది మనమే.