గదికీ గొంతు ఉంది

పిల్లలూ, ఇల్లు మారేటప్పుడు సామానంతా బండికెక్కించాక, ఖాళీ గదిలో నిలబడి ఎప్పుడైనా కేక వేశారా? గది ఖంగుమంటుంది. మంచాలూ, పరుపులూ ఉన్నన్నాళ్లూ అదే గది అలా పలకలేదు. ఎందుకని?

ధ్వని గాలిలో సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గోడకు తగిలి వెనక్కు వస్తుంది. గోడ 17 మీటర్ల దూరాన ఉంటే, పోయి రావడానికి సెకండులో పదోవంతు పడుతుంది. అప్పుడు మన కేక మనకే మళ్లీ విడిగా వినిపిస్తుంది. అదే ప్రతిధ్వని. చిన్న గదిలో ధ్వని అంతకన్న ఎంతో త్వరగా తిరిగివచ్చి, అసలు ధ్వనిలోనే కలిసిపోతుంది. దానితో గొంతు నిండుగా ఉంటుంది. పరుపులూ, తివాచీలూ ధ్వనిని కొంత పీల్చుకుంటాయి. వినడానికి వచ్చిన మనుషులూ అంతే!

సంగీతం తెలిసినవాళ్లు ఈ సంగతి ఏనాడో కనిపెట్టారు. యూరపులో, గదిలో కూర్చుని వాయించుకోవడానికే ప్రత్యేకంగా సంగీతం రాశారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో చాలు. మన హైదరాబాదు పాతబస్తీలో దీనికి సాటి మెహఫిల్. నవాబుల దేవిడీలో, దివాన్‌ఖానాలో తెల్లని దుప్పట్లు పరిచి, సారంగీ, తబలా పక్కన పెట్టుకుని పాడేవారు. వినేవారు దగ్గరగా చేరి కూర్చునేవారు. మహ్‌లఖా బాయి చందా (1768–1824) ఈ నగరంలోనే గజళ్లు రాసి, పాడి పేరు తెచ్చుకున్నది. ఆమె కాలంలో మైకు ఎక్కడిది? గదే ఆమెకు తోడు.

చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ ఉంది. ఖిల్వత్ అంటే ఏకాంతం. పేరుకు ఏకాంతమేగాని, అది నిజాముల దర్బారు హాలు. 19 పెద్ద షాండ్లియర్లు వేలాడుతుంటాయి. దర్బారు ఠీవికి అది తగినదే. సారంగీ సన్నని స్వరానికి మాత్రం చిన్న గదే సుఖం.

ఇప్పుడు ఇంకొక ఇంటి కథ వినండి. మూడవ సాలార్‌జంగు 1949లో మరణించారు. ఆయన నివాసమైన దివాన్ దేవిడీనే మ్యూజియంగా చేశారు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దానిని ప్రారంభించారు. 1968లో వస్తువులను మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి చేర్చారు. బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ఇప్పుడక్కడే ఉంది. గంట కొట్టే వేళకు జనం దాని చుట్టూ చేరతారు.

గడియారాన్ని మోసుకుపోవచ్చు. కాని దివాన్ దేవిడీ గదులలో గొంతు ఎలా పలికేదో, దానిని ఏ బండికి ఎక్కించగలం? ఆ దేవిడీలో చాలాభాగం ఇప్పుడు లేదు. గోడలతోపాటే ఆ పలుకూ పోయింది.

అందుకే, పాత ఇంట్లో పాటకచేరీ జరుగుతుందని తెలిస్తే అమ్మానాన్నలతో వెళ్లండి. అద్దాల బీరువాలో పెట్టి చూపించలేని వస్తువు అక్కడ వినిపిస్తుంది. ఒక్క మాట: చిన్న గదిలో మీ గుసగుస కూడా గోడకు తగిలి పాటలో కలుస్తుంది. కదలకుండా కూర్చోండి.

ఈ నెల చేసి చూడండి: మీకు వచ్చిన ఒక పాటను స్నానాల గదిలో, పడక గదిలో, పెరట్లో పాడండి. చెల్లాయిని కళ్లు మూసుకుని వినమనండి. మీ గొంతు ఎక్కడ బాగున్నదో తనే చెబుతుంది.