ఇజాజత్ అడిగేది కంపెనీ, కిరాయి కట్టేది గరీబు

దుబాయ్ వాళ్ల ఎమిరేట్స్ కంపెనీ మన సర్కారుని ఏళ్ల తరబడి ఒక్కటే అడుగుతోంది. ఇండియాకి ఇంకా ఎక్కువ విమానాలు నడుపుకుంటాం, ఇజాజత్ ఇవ్వండి అని. సర్కారు జవాబు కూడా ఒక్కటే. ఇవ్వం అని. 2014లో కుదిరిన ఒప్పందం ప్రకారం దుబాయ్ విమానాలకు వారానికి దాదాపు 65 వేల సీట్లు, మన విమానాలకూ అన్నే సీట్లు. 2022లో దుబాయ్ వాళ్లు మరో 50 వేల సీట్లు కావాలని, ఇంకొన్ని ఊళ్లకు దిగనివ్వమని కోరారు. అప్పటి మంత్రి జ్యోతిరాదిత్య సింధియా గారు కుదరదన్నారు. మన కంపెనీలే పెద్ద విమానాలు కొని దూరదేశాలకు నేరుగా నడపాలి, మన ముసాఫిర్లు దుబాయ్‌లో దిగి మారే ఖర్మ పోవాలి అన్నారు.

ఈ ఝగడాని పత్రికలు ఎమిరేట్స్‌కీ ఎయిరిండియాకీ మధ్య కుస్తీలా రాస్తున్నాయి. షేకుల కంపెనీ గెలుస్తుందా, టాటా వాళ్లు గెలుస్తారా అని. సీట్లో కూర్చునేవాడి మాట ఎవరూ అడగడం లేదు. నేను అదే అడుగుతున్నాను.

మొదట కానూన్ సంగతి చూద్దాం. 1944 డిసెంబరులో షికాగోలో కుదిరిన ఒప్పందం మొదటి అధికరణం ప్రకారం ఏ దేశం ఆకాశం మీద ఆ దేశానికే పూర్తి హక్కు. ఆరో అధికరణం ప్రకారం పరాయి దేశపు విమాన సర్వీసు ఇజాజత్ లేకుండా రాకూడదు. బాగుంది. మన ఇల్లు, మన దర్వాజా. ఎవరిని రానివ్వాలో మనమే చెప్పాలి. దీని మీద నాకు ఏ ఎతరాజూ లేదు. నా సవాల్ వేరే. ఈ దర్వాజా ఎవరి ఫాయిదా కోసం మూస్తున్నారు?

టికెట్ల ధరలు మండిపోతున్నాయని పార్లమెంటులో ఎవరు అడిగినా సర్కారు చెప్పే జవాబు అందరికీ కంఠతా వచ్చింది. ధరలు మేము నిర్ణయించం, అది బజారు వ్యవహారం, కంపెనీలు తమ ఖర్చుని, వాజబైన లాభాన్ని చూసుకుని పెట్టుకుంటాయి అంటారు. సరే జనాబ్, ధర బజారుదే అనుకుందాం. మరి ఆ బజారులో ఎన్ని సీట్లు అమ్మాలో నిర్ణయించేది ఎవరు? సర్కారే. సీట్ల లెక్క సర్కారు చేతిలో, ధర కంపెనీ చేతిలో. రంజాన్ ఈద్ వచ్చినా, వేసవి సెలవులు వచ్చినా, జనం పెరుగుతారు గానీ సీట్లు పెరగవు. సీట్లు పెరగకపోతే కిరాయి రెట్టింపవుతుందని చెప్పడానికి ఎకనామిక్స్ చదవక్కర్లేదు. చార్మినార్ దగ్గర గాజులు అమ్మేవాణ్ని అడిగినా చెప్తాడు. బజారుకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, ఇది ఆజాద్ బజారు అనడం ఏం ఇన్సాఫ్?

సర్కారు వాదనలో నిజం లేదని అనను. విమానయానంలో కొన్ని ఆజాదీలు ఉన్నాయి. తన దేశం నుంచి మన దేశానికి మనుషుల్ని తేవడం మూడోది, ఇక్కణ్నించి తన దేశానికి తీసుకుపోవడం నాలుగోది. మన మనుషుల్ని తన ఊళ్లో దింపి, వేరే విమానం ఎక్కించి లండన్‌కో న్యూయార్క్‌కో చేర్చడం ఆరోది. గల్ఫ్ కంపెనీలు బలిసింది ఈ ఆరో ఆజాదీ మీదే. హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్లే సాఫ్ట్‌వేర్ అబ్బాయి దుబాయ్‌లోనో దోహాలోనో మారితే ఆ దూరప్రయాణం సొమ్మంతా వాళ్లకే పోతుంది. మన కంపెనీలు ఎదగాలంటే దీనికి హద్దు ఉండాలి అంటే నేనూ ఒప్పుకుంటాను.

కానీ జగిత్యాల నుంచి దుబాయ్‌కి సెంట్రింగ్ పనికి పోయేవాడు లండన్ పోవడం లేదు. అతని సఫర్ దుబాయ్‌లోనే ఖతం. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి అమ్మని, పిల్లల్ని చూసుకోవడానికి వస్తాడు, మళ్లీ పోతాడు. డాలస్ పోయేవాడికీ ఇతనికీ కలిపి ఒకటే సీట్ల కోటా పెట్టారు. డాలస్ బేరం కోసం పెట్టిన గోడ కూలీవాడికి అడ్డం పడింది. కంపెనీల మధ్య లడాయి, మజ్దూర్ జేబు ఖాళీ.

2016 విమానయాన విధానం చదవండి. ఢిల్లీ నుంచి 5,000 కిలోమీటర్ల అవతల ఉన్న దేశాలకు పరస్పరం ఎన్ని విమానాలైనా నడుపుకోవచ్చని దారి తెరిచింది. సార్క్ దేశాలకూ అంతే. గల్ఫ్ మాత్రం 5,000 కిలోమీటర్ల లోపల పడింది. దూరం పోయే అమీరుకి తెరిచిన ఆకాశం, దగ్గరికి పోయే గరీబుకి కొలిచి పోసే ఆకాశం.

పాత హిసాబు కూడా చూద్దాం. 2013లో అబుధాబీ కంపెనీ ఎతిహాద్, జెట్ ఎయిర్‌వేస్‌లో 24 శాతం వాటాని దాదాపు 2,058 కోట్లకు తీసుకుంది. అదే రోజుల్లో అబుధాబీకి వారానికి 13 వేల చిల్లర ఉన్న సీట్లను 50 వేల దాకా పెంచడానికి మన సర్కారు సంతకం పెట్టింది. అప్పుడు దేశీ కంపెనీల భవిష్యత్తు గుర్తుకు రాలేదు. ఆ జెట్ కూడా 2019 ఏప్రిల్‌లో మూతబడింది. ఇప్పుడు కువైట్ సంగతి. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి పోయే మన ఆడపడుచులు అక్కడ ఎంతోమంది. కువైట్ సీట్లు 2007లో వారానికి 12 వేలకు పెరిగాయి. మళ్లీ 18 వేలకు పెరిగింది 2025లో. మధ్యలో పద్దెనిమిదేళ్లు. పెద్ద కంపెనీకి పెట్టుబడి అవసరమైతే సీట్లు ఒక్కసారిగా దిగాయి. రాయచోటి ఆయాకి అవసరమైతే ఒక తరం గడిచింది.

కొందరికి నా పేరు చూడగానే ఒక అనుమానం వస్తుంది. ముసల్మాను కదా, అరబ్బు కంపెనీకి వకాల్తా పుచ్చుకున్నాడు అనుకుంటారు. సాఫ్‌గా చెప్తున్నాను. ఎమిరేట్స్ దుబాయ్ సర్కారు వ్యాపార సంస్థ. ధర్మసత్రం కాదు, దర్గా లంగర్ అంతకన్నా కాదు. పోటీ లేకపోతే అదీ ముక్కు పిండే వసూలు చేస్తుంది. విమానంలో పోశన్న సీటుకీ పాషాభాయ్ సీటుకీ కిరాయి ఒకటే. నిజామాబాద్, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి పోయేవాళ్లలో ఎక్కువమంది హిందూ సోదరులే. నా వకాల్తా ముసాఫిర్ తరపున.

పేదవాడి పేరు చెప్పి కంపెనీని పోషించడం మాకు కొత్త కాదు. హజ్ సబ్సిడీ అని ఏళ్ల తరబడి మమ్మల్ని దెప్పారు. ఆ రూపాయి హాజీ చేతికి ఏనాడూ రాలేదు, విమాన కిరాయి కింద కంపెనీలకే పోయింది. 2012లో సుప్రీంకోర్టు పదేళ్లలో తీసేయమంది, 2018లో సర్కారు తీసేసింది. తీసేయమని అడిగినవాళ్లలో ముస్లిం నాయకులూ ఉన్నారు. ఖైరాత్ వద్దు, ఎక్కువ కంపెనీల్ని పోటీకి రానివ్వండి అన్నారు. ఆ మాట ఇప్పటికీ వర్తిస్తుంది.

ఇంకో మాట రాయక తప్పదు. 2019 జనవరి దాకా యూఏఈ నుంచి మయ్యత్‌ని తేవాలంటే ఎయిరిండియా తూకం వేసి కిరాయి తీసుకునేది. శవాన్ని సామానులా కాంటా మీద పెట్టేవారు. అప్పుడది సర్కారు కంపెనీయే. జనం గోల పెట్టాకే ఇంత అని ఒక రేటు ఖరారు చేశారు. దేశీ కంపెనీ అయినంత మాత్రాన దేశవాసి మీద రహమ్ ఉంటుందనుకోవడం భ్రమ.

ఇప్పటి విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు మన తెలుగువారే. వలస అంటే ఏమిటో శ్రీకాకుళం వారికి ఎవరూ చెప్పక్కర్లేదు. వారి ముందు నా అర్జీ ఇదీ.

1. గల్ఫ్‌లోనే దిగే ముసాఫిర్ల కోటాని, అక్కడ మారి ముందుకు పోయేవాళ్ల కోటాని వేరు చేయండి. మొదటిది తెరవండి, రెండోదాని మీద ఎంత బేరమైనా ఆడండి.

2. ఇజాజత్ ఊరికే ఇవ్వకండి, షరతులు పెట్టండి. ప్రతి విమానంలో కొన్ని సీట్లు పండక్కీ మామూలు రోజుకీ ఒకే ధరకు కార్మికులకు ఇవ్వాలి. మయ్యత్‌ని ఉచితంగా తేవాలి. ఇవే షరతులు మన కంపెనీలకూ పెట్టండి.

3. ఏ దేశానికి ఎన్ని సీట్లున్నాయి, ఎన్ని నిండుతున్నాయి, ఈద్ ముందు వారం ఏ ధరకు అమ్మారు, ఈ హిసాబు తెలుగులో కూడా జనం ముందు పెట్టండి.

4. ఒప్పందం మాట్లాడే బల్ల దగ్గర కంపెనీల మనుషులతో పాటు గల్ఫ్ కార్మికుల తరపున కూడా ఒకరిని కూర్చోబెట్టండి.

కేరళ ఎంపీలు ఈ కిరాయిల మీద పార్టీలు మరచి పార్లమెంటులో గొంతెత్తుతారు. మన రెండు రాష్ట్రాల ఎంపీలు గల్ఫ్ నుంచి శవపేటిక వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో ఫోటో దిగుతారు. బతికున్నవాడి టికెట్ గురించి కూడా ఒకసారి నోరు విప్పండి సాహెబ్. మన దీన్‌లో మయ్యత్‌ని ఆలస్యం చేయకుండా ఖననం చేయాలి. అబ్బా పోయారని తెల్లవారుజామున ఫోన్ వస్తే, ఆ పూటకి టికెట్ కొనలేక కంపెనీ క్యాంపులో కూర్చుని జనాజాని వీడియో కాల్‌లో చూసిన కొడుకులు మన ప్రతి బస్తీలో ఉన్నారు. తండ్రి చితికి నిప్పు పెట్టలేకపోయిన కొడుకులు ప్రతి పల్లెలో ఉన్నారు. దుబాయ్ హైదరాబాద్‌కి మూడున్నర, నాలుగు గంటల దూరం. ఆ దూరాన్ని ఇంత పెంచింది సముద్రం కాదు, సీట్ల లెక్క రాసిన కాగితం. కాగితం రాసినవాళ్లు దాన్ని మార్చగలరు.